ఖాళీ మంచం ఎవరికి?

పోయిన వారం ఐలా కెట్టునెన్‌ని, ఫోను చెవికి ఆనించుకుని ఉండగానే వంటింట్లో నిలబెట్టి వచ్చేశాం. వారమంతా ఆవిడ నిలబడే ఉందేమోనని కంగారు పడకండి, కథలో గడిచింది ఒక్క రాత్రే.

ఫోను చేసింది లూన్స్ ఐస్ హాకీ జట్టు మేనేజర్ లోర్న్. "రేపు సాయంత్రానికి ఒక మంచం సిద్ధం చెయ్యమ్మా. ఎవరికని అడక్కు, ఎవరికీ చెప్పకు" అన్నాడు. వీళ్ళ ఊరు హార్లన్ ఫాల్స్‌లో ఆటగాళ్ళకి హాస్టలంటూ ఏమీ లేదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళందరికీ ఊరివాళ్ళ ఇళ్ళే బస. ఎవరిని ఏ ఇంట్లో పెట్టాలన్న పెత్తనం ఏళ్ళ తరబడి ఐలాదే. అంచేత జట్లు ఒకరి ఆటగాళ్ళని ఒకరు మార్చుకునే ట్రేడుల రోజుల్లో పేరు అడక్కూడదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎప్పుడూ అడిగే రెండు ప్రశ్నలే అడిగింది. తిండిలో ఏం పడదు? సామాను ఏపాటి? పల్లీల వాసన కూడా పడదని, ఆవుపాలు తాగడని చెప్పాడు లోర్న్. సామానుకి మాత్రం వెచ్చటి నేలమాళిగ ఉండాలన్నాడు, తడి ప్యాడ్లు ఆరబెట్టుకోడానికి.

నేలమాళిగ పట్టేంత ప్యాడ్లు గోల్‌కీపర్‌కి తప్ప ఇంకెవరికుంటాయి? అలాంటి నేలమాళిగ ఉన్నది ఐలా ఇంట్లో. ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఉంటున్నవాడు డేన్ ఫ్రీజెన్, లూన్స్ జట్టుకి గోల్‌కీపర్. రెండో గోల్‌కీపర్ ఊళ్ళోవాడే, అమ్మానాన్నల దగ్గరే ఉంటాడు. మరి మూడోవాడెందుకు వస్తున్నట్టు? ఒకడు వెళ్తుంటే తప్ప?

రాత్రంతా ఇదే ఆలోచన. పొద్దున్న డేన్ లేవకముందే పెనం మీద పాన్‌కేకులు పోసి, మూత పెట్టి, కోటు తగిలించుకుని ఇంట్లోంచి బయటపడింది. ఎదురుపడితే మొహంలో తెలిసిపోతుందని భయం. ట్రేడులకి గడువు ఆ మధ్యాహ్నం పన్నెండింటికి. అప్పటిదాకా ఎక్కడో ఒకచోట దాక్కోవాలి. మరి దాక్కోదలిచిన మనిషి ఎక్కడికి వెళ్ళాలి? ఊళ్ళో ట్రేడు మాట తప్ప ఇంకోటి వినపడని ఒకే ఒక్క చోటికి వెళ్ళింది మన ఐలా. ఏం జరగబోతోందో తెలుసుకోకపోతే ఆవిడకి ఊపిరాడేలా లేదు.

మంచు మీద ఆట ఆడే రింకు కాంటీనులో, అద్దాల పక్కన పెద్ద బల్ల ఒకటుంది. ఆ బల్ల మీద పేరు రాసి లేదు గానీ, అది రేజాన్‌ది, ఒరెస్ట్‌ది. రేజాన్ ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ఐలా చెల్లెలు సిర్కా మొగుడు. ఒరెస్ట్ గనిలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన, గోడమీది గడియారంలా ప్రతి ఆటకీ హాజరు. ఇద్దరూ లూన్స్ అంటే ప్రాణం పెడతారు. లూన్స్ గురించి ఏ ఒక్క విషయంలోనూ ఇద్దరికీ పొసగదు.

"అమ్మెయ్యాలి" అంటున్నాడు రేజాన్, ఐలా వెళ్ళేసరికి. "ఐదో స్థానంలో ఉన్నాం. ఈ జట్టుతో మొదటి రౌండు గెలుస్తాం, రెండో రౌండులో తన్నులు తింటాం. డేన్ వచ్చే ఏడాది ఎలాగూ ఈ కుర్రాళ్ళ లీగు వయసు దాటి వెళ్ళిపోతాడు. ఊరికే పోయేవాణ్ణి ఇప్పుడే డన్‌మోర్ జట్టుకిచ్చి, బదులు ఇద్దరు లేత కుర్రాళ్ళని తెచ్చుకుంటే రెండేళ్ళలో మనమే కప్పు ఎత్తుతాం."

"రెండేళ్ళలో" అన్నాడు ఒరెస్ట్ కాఫీ ఊదుకుంటూ. "నా వయసెంతో తెలుసుటోయ్ నీకు? పోయినసారి రెండేళ్ళన్నావు. అంతకుముందూ రెండేళ్ళే అన్నావు. నీ రెండేళ్ళ కోసం ఎదురు చూసి చూసి మా గనివాళ్ళు సగంమంది మట్టిలో కలిసిపోయారు."

"అందుకని జట్టుని నాశనం చేసుకుందామా పెద్దాయనా?"

"గోల్ దగ్గర డేన్ లాంటివాడు ఉండగా ఆశ వదులుకోవడమే నాశనం. ఒక మంచి డిఫెన్సు ఆటగాణ్ణి తీసుకురమ్మను లోర్న్‌ని. ఈసారే కొడతాం."

"తెమ్మంటే వస్తాడా? బదులేమిస్తావు? నీ కట్టుడు పళ్ళిస్తావా?"

కౌంటరు వెనక నుంచి థెల్మా పకపకా నవ్వింది. కాంటీను నడిపేది ఆవిడే. "మీ ఇద్దరినీ కలిపి డన్‌మోర్‌కి ఇచ్చేస్తే నా చెవులకి కాస్త సుఖం. బదులేమీ ఇవ్వక్కర్లేదని చెప్తాను" అంది.

ఐలా కిసుక్కున నవ్వి, చప్పుడు కాకుండా చివరి కుర్చీలో కూలబడింది. అద్దాల అవతల మంచు నునుపు చేసే బండి రింకంతా మెల్లగా తిరుగుతోంది. ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంటే రేజాన్ గొంతు సవరించుకున్నాడు.

"వదినా, నిన్న సాయంత్రం కొట్టుకెళ్ళావుట."

"వెళ్తే?"

"సిర్కా చెప్పింది." సిర్కా ఆ కొట్లో బిల్లులు వేసే మనిషి. ఇక చెప్పేదేముంది? "ఓట్స్‌తో చేసిన పాలు తీసుకున్నావుట. నువ్వూ తాగవు, డేనూ తాగడు."

"పాలు కొనడం కూడా తప్పేనా?"

"పాల సంగతి వదిలెయ్. పల్లీ వెన్న డబ్బా బుట్టలో వేసుకున్నావుట. వేసుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ వెళ్ళి అరలో పెట్టేశావుట. డేన్ దాన్ని గరిటెతో తింటాడని ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు." రేజాన్ బల్ల మీదికి వంగాడు. "పల్లీ పడనివాడెవడో వస్తున్నాడు. డేన్ వెళ్తున్నాడు. అవునా, కాదా?"

ఆ ఊరి తీరే అంత. ట్రేడు వార్త పేపర్లో రావడానికి ఒకరోజు ముందే ఊరి ఆడవాళ్ళ బుట్టల్లో వచ్చేస్తుంది. ఒకసారి, ఆటగాళ్ళని ఇంట్లో పెట్టుకునే మిరియం ఇంటికి పొడుగాటి పరుపు వచ్చిందని తెలిసి, వచ్చేవాడు ఆజానుబాహుడైన డిఫెన్సు ఆటగాడేనని ఊరంతా పండగ చేసుకుంది. తీరా చూస్తే అది మిరియం మొగుడి నడుంనొప్పికి. అయినా ఎవరికీ బుద్ధి రాలేదు. ఇన్నేళ్ళూ ఇతరుల బుట్టలు చూసి ఊహలు అల్లిన ఐలా, తన బుట్టనే ఎవరైనా చూస్తారని మాత్రం అనుకోలేదు. ఎంత తెలివితక్కువదాన్ని అని తనని తానే తిట్టుకుంది.

"నాకేమీ తెలీదు మరిదిగారూ" అంది.

"నువ్వు గారూ అన్నావంటేనే ఏదో దాస్తున్నావని."

"దాన్నెందుకు పీడిస్తావోయ్" అని అడ్డుపడ్డాడు ఒరెస్ట్. అంతలోనే ఆయనా ఆగలేకపోయాడు. "ఐలా, ఒక్కమాట చెప్పు తల్లీ. వచ్చేవాడు గోల్‌కీపరేనా? తల ఊపితే చాలు, నోరు విప్పక్కర్లేదు."

ఐలా తల ఊపలేదు. ఊపకుండా ఉండటానికి మెడ బిగబట్టుకోవాల్సొచ్చింది. అది చాలదూ వాళ్ళకి? రేజాన్ అరచేత్తో బల్ల చరిచాడు.

"అయిపోయింది. డన్‌మోరే. వాళ్ళ చిన్న గోల్‌కీపర్ వస్తున్నాడు, లేత కుర్రాడు, బంగారం. నేను చెప్పలేదూ?"

"డేన్ ఒప్పుకోవాలిగా" అన్నాడు ఒరెస్ట్ నీరసంగా. "మొదటి ఏడాది నుంచీ ఒకే జట్టుకి ఆడినవాణ్ణి, వాడు సరేననకుండా కదపకూడదు. లీగు నియమం."

"అంటాడు. ఈ ఏడు కప్పు గెలిచేది డన్‌మోరే. అలాంటి జట్టు రమ్మంటే వద్దనే వెర్రివాడు ఎవడుంటాడు?"

తలుపు తెరుచుకుని చలిగాలి లోపలికి కొట్టింది. ఎవరా అని నలుగురూ ఒకేసారి తిరిగి చూశారు.

డేన్. గుమ్మం తగలకుండా తల వంచి లోపలికి వచ్చాడు. ఊలుటోపీ తీసి జేబులో కుక్కుకుని, కుర్చీ లాక్కుని సరాసరి ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. ఆటలో ముసుగు తగిలించుకున్నప్పుడు కొండలా కనిపిస్తాడు. ముసుగు లేకపోతే ఇంకా గడ్డం సరిగా రాని పిల్లాడు.

థెల్మా కౌంటరు తుడవడం మొదలుపెట్టింది.

"ఆపేశారేం?" అన్నాడు డేన్. "మెట్ల దాకా వినిపిస్తూనే ఉంది."

"ఊరికే, ఆట గురించి..." అని నసిగాడు రేజాన్.

"నా గురించి. ఫరవాలేదండీ, నేనూ దాని గురించే వచ్చాను." చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. "నిన్న ప్రాక్టీసు అయ్యాక లోర్న్ గారు పిలిచి చెప్పారు. డన్‌మోర్ వాళ్ళు అడుగుతున్నారు, మధ్యాహ్నం లోపల నా మాట చెప్పమన్నారు. మా అమ్మానాన్నలు నీ ఇష్టంరా అన్నారు. నా ఆట ఒప్పందాలు చూసే ఏజెంటు వెళ్ళమన్నాడు. ఈ ఊళ్ళో నా గురించి నాకన్నా ఎక్కువ ఆలోచించేది ఈ బల్ల దగ్గరే కదా అని ఇటొచ్చాను. మీరు చెప్పండి. వెళ్ళనా, ఉండనా?"

ఏళ్ళ తరబడి మేనేజర్ చెవిలో పడాలని గొంతు చించుకున్నవాళ్ళు ఆ ఇద్దరూ. లోర్న్ ఒక్కసారి మమ్మల్ని అడిగితే కదా అన్నది వాళ్ళ శాశ్వతమైన ఏడుపు. ఇప్పుడు అడిగేవాడు ఎదురుగా కూర్చుని వాళ్ళ కళ్ళలోకి చూస్తుంటే, రేజాన్ కాఫీ కప్పులోకి చూశాడు. ఒరెస్ట్ పైకప్పు కేసి చూశాడు.

"రేజాన్ గారూ, మీరు అమ్మెయ్యాలన్నారుగా" అన్నాడు డేన్. కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాడు.

"అన్నాను బాబూ. అంటే, అది నీ గురించి కాదు. జట్టులో గోల్‌కీపర్ అని ఒక స్థానం ఉంటుంది చూడు, దాని గురించి." రేజాన్ మొహం ఎర్రబడింది. "నీ మొహం చూస్తూ ఎప్పుడూ అనలేదు నేను. చూస్తూ అనడం ఇంత కష్టమని తెలిస్తే ఇన్నాళ్ళూ అనేవాణ్ణి కాదేమో. కానీ అడిగావు కాబట్టి... వెళ్ళు. మాకూ మంచిది, నీకూ మంచిది."

డేన్ ఒరెస్ట్ వైపు తిరిగాడు. ఈయనైనా వద్దంటాడు, ఇప్పటిదాకా కొట్లాడింది అందుకేగా అనుకుంది ఐలా. పెద్దాయన చాలాసేపు గడ్డం గీరుకున్నాడు.

"నాకు కప్పు చూడాలనుంది" అన్నాడు చివరికి. "చచ్చేలోగా ఒక్కసారి, ఈ రింకులో. అందుకే నిన్ను వదలొద్దని అరుస్తాను. అది నా ఆశరా అబ్బాయ్, నీ మీద రుద్దకూడదు. అక్కడైతే పెద్ద జట్ల వాళ్ళు వచ్చి నీ ఆట చూస్తారు. వెళ్ళు."

థెల్మా కౌంటరు తుడవడం ఆపి, "వెళ్ళు నాయనా" అంది. "మేమెక్కడికి పోతాం? ఇక్కడే పడుంటాం."

డేన్ తల ఊపాడు. ఊపుతూనే ఐలా వైపు చూశాడు.

 ఇంట్లో పెట్టుకున్న పిల్లల దగ్గర ట్రేడు మాట ఎత్తకూడదన్నది ఆవిడ ఒంటపట్టించుకున్న నియమం. కొత్తగా పిల్లల్ని చేర్చుకునే ఇళ్ళకి మొదట చెప్పే మాటే అది. అన్నం పెట్టండి, స్కూలుకి లేపండి, జ్వరమొస్తే చూసుకోండి. ఉండమనీ వెళ్ళమనీ మాత్రం అనకండి, ఆ హక్కు మనది కాదు.

"పొద్దున్న నా మొహం చూడకుండా వచ్చేశావు పిన్నీ" అన్నాడు డేన్. "పాన్‌కేకుల పక్కన పల్లీ వెన్న లేదు. నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"ఎవరొస్తున్నారు?"

"పేరు తెలీదు రా. మంచం వెయ్యమన్నారు, అంతే."

"నువ్వేమంటావు?"

"నేనేమీ అనకూడదు. నీకు తెలుసుగా."

"తెలుసు. అయినా అడుగుతున్నాను."

ఐలా చేతిలో టిష్యూ కాగితం ఉండ చుట్టింది, విప్పింది. "అందరూ చెప్పారు కానీ, నీ మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. అది చెప్పు ముందు."

 డేన్ అద్దాల అవతల రింకులోకి చూశాడు, తను నిలబడే గోల్ వైపు.

"అక్కడికెళ్తే కప్పు గెలుస్తామేమో" అన్నాడు. "గెలిస్తే ఎవరితో చెప్పుకోను? ఆ ఊళ్ళో ఒక్కరి పేరూ నాకు తెలీదు. వెళ్ళాలనీ ఉంది, భయంగానూ ఉంది. నిన్నటినుంచి ఎవరినడిగినా నా మంచికోరి వెళ్ళమంటున్నారు. అందరూ మంచివాళ్ళే. ఒక్కరు... ఒక్కరైనా ఉండమంటారేమోనని వచ్చాను."

 రేజాన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

మొదటి ఏడాది జ్వరంతో మూడు రోజులు నేలమాళిగలోంచి పైకి రాకపోతే, వీడికి చారు పట్టుకెళ్ళి తాగించింది ఐలా. మొగుడు పోయినాక ఇల్లు అమ్మేసి చిన్న గదిలోకి మారదామనుకుంటే, సామాన్ల అట్టపెట్టెలు ఒక్కొక్కటే విప్పి మళ్ళీ అలమరల్లో సర్దేసినవాడు వీడు. ఏమీ అనలేదు అప్పుడు, సర్దేశాడంతే. అలాంటివాడు ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడుగుతున్నాడు. నియమమట, నియమం. ఆవిడకి ఒళ్ళు మండుకొచ్చింది, ఎవరి మీదో తెలీకుండా.

"ఉండు" అంది ఐలా. "నీ మంచికి కాదు, నాకోసం. వెళ్ళొద్దు. ఉండు."

అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒరెస్ట్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. డేన్ మాత్రం నవ్వాడు. ముసుగు తీసిన పిల్లాడి నవ్వు. జేబులోంచి ఫోను తీసి, అక్కడే, అందరి ముందే లోర్న్‌కి చేశాడు.

"డేన్‌ని మాట్లాడుతున్నానండీ. నేను వెళ్ళను. ఇక్కడే ఉంటాను... అవునండీ, బాగా ఆలోచించాను... కాంటీనులో... ఆఁ, ఇక్కడే ఉంది." ఫోను ఐలా వైపు చాచాడు. "నీకివ్వమంటున్నారు పిన్నీ."

తిట్లు తినడానికి సిద్ధపడే ఫోను అందుకుంది ఐలా. తిడితే తిట్టనీ, ఈ పెత్తనం పీకేస్తే పీకెయ్యనీ అనుకుంది. లోర్న్ తిట్టలేదు.  

"నాదే తప్పు" అన్నాడు. "వద్దంటాడని కలలో కూడా అనుకోలేదు. మధ్యాహ్నం దాటితే మంచు తుఫాను, రోడ్డు మూసేస్తారన్నారు. అది ముంచుకొచ్చేలోగా వాళ్ళ చిన్న గోల్‌కీపర్‌ని పంపించెయ్యండని డన్‌మోర్ వాళ్ళకి నేనే చెప్పాను. తెల్లవారకముందే బస్సెక్కించారు ఆ కుర్రాణ్ణి."

"మరి... వెనక్కి పంపలేరా?"

"డేన్ వెళ్ళకపోతే వాడికి మన జట్టులో చోటు లేదు, కానీ ఎక్కడికి పంపను? అక్కడ వాడున్న ఇంట్లో గది డేన్‌కి ఇచ్చేశారు. నిన్న వాడిచేతే ఖాళీ చేయించారు. జట్టు అందరి ముందూ వీడ్కోలు కూడా చెప్పించారట. ఏ మొహం పెట్టుకుని మళ్ళీ అదే గుమ్మంలోకి వెళ్తాడు? పదిహేడేళ్ళు వాడికి."

ఐలా తల ఎత్తింది. డేన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఒరెస్ట్ వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. రేజాన్ థెల్మాని అందరికీ కాఫీ పొయ్యమంటున్నాడు, ఓడిపోయినవాడు అంత సంతోషంగా ఉండటం ఐలా ఎప్పుడూ చూడలేదు. వాళ్ళకి వినపడకుండా గోడ వైపు తిరిగింది.

"బస్సులో ఉన్నవాడికి తెలుసా ఈ సంగతి?" అంది, గొంతు బాగా తగ్గించి.

"ఇంకా లేదు. ఇందాక దారిలోంచి ఫోను చేశాడు" అన్నాడు లోర్న్. "కోచ్ ఎవరని గానీ, ఎన్ని ఆటలు ఆడిస్తారని గానీ అడగలేదు. నేనుండబోయే ఇంటావిడ ఎలాంటిదండీ అని అడిగాడు. చాలా మంచిదిరా, నీకేం దిగులక్కర్లేదు అన్నాను. మళ్ళీ చేస్తాడు కాసేపట్లో. ఏం చెప్పమంటావు, ఐలా?"